కడుపు కోయించుకోవాలా వద్దా: ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా

ఒక్క ప్రశ్న అడగడానికి ఎండలో ఇన్ని బస్సులు మారాలా అని మా ఆవిడ నవ్వింది. నాకప్పుడు నలభై ఏడు. ప్రొద్దుటూరులో బట్టల అంగడి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, షుగరు, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం. హైదరాబాదు డాక్టరు కడుపును చిన్నది చేసే ఆపరేషన్ చేద్దామని, సోమవారానికల్లా ఏ సంగతో తేల్చి చెప్పమని అన్నాడు. అన్నం మానేస్తే చాలంటాడు పక్క అంగడాయన. కత్తి పడితే మనిషి మునుపటిలా ఉండడంటుంది మా వదిన. ఎవరు చెబితే వాళ్లదే నిజమనిపించి నాకు బుర్ర పనిచేయడం మానేసింది. అదే ఆపరేషన్ కొన్ని నెలల కిందట చేయించుకున్న, జమ్మలమడుగులో ఉండే మా మేనమామ ఓబులేసును అడిగి తేల్చుకుందామని బయల్దేరాను.

మీరూ ఈ దారిన వెళ్లేట్టయితే పొద్దెక్కకముందే బస్సెక్కండి, తొమ్మిది దాటితే బస్సు రేకు కాలుతుంది. నేను బస్టాండు దగ్గర ఎర్రకారం దోసెలు రెండు తిన్నాను, మళ్లీ తినగలనో లేదోనని మూడోది కూడా తిన్నాను. జమ్మలమడుగుకు బస్సులు వెంటవెంటనే ఉంటాయి, ముప్పావు గంట దారి. అక్కడ దిగితే మామ నా ఎదురుగానే నిలబడి ఉన్నా నేను గుర్తుపట్టలేదు. తెల్లచొక్కా భుజాల మీద నిలవడం లేదు. పులివెందుల అవతల వేముల వైపు ఒక పల్లెలో పెద్దాయన మనవడికి పుట్టెంట్రుకలట, విందుకు తప్పక పోవాలట. "దావలో మాట్లాడుకుందాం, నువ్వూ రా" అని నన్ను కూడా ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కించాడు.

ఆ పెద్దాయన ఎవరో చెప్పాలి. మా జిల్లాలో బాంబుల మోత తగ్గినా, ఎవరింట్లో ఎవరు తిన్నారన్న దాన్నిబట్టి ఎవరు ఏ పార్టీనో తేల్చే రోజులు ఇంకా పోలేదు. ఆయన అక్కడ ఒక వర్గానికి నాయకుడు, మామ ఇరవై ఏళ్లు ఆయన వెంట జీపులో తిరిగిన మనిషి. అయినా ఆపరేషన్ సంగతి ఆయనకు చెప్పలేదు. జబ్బు మనిషి అనిపించుకుంటే వెంట ఉండే మర్యాద పోతుందని భయం.

"ఎట్లుంది మామా? చేయించుకోమంటావా?" అని అడిగాను.

"మోకాళ్లు శానా బాగుండాయి. షుగరు మాత్ర ఒకటి తీసేసినారు. కానీ ఆకలైతాందో లేదో నాకే తెలీదప్పా. నాలుగు ముద్దలకే కడుపు బిగుసుకుంటాది. పెండ్లికి పోతే ఏడుపొస్తాది."

"అంటే వద్దంటావా?"

"వద్దని యాడ చెప్పినా?" అని కిటికీలోంచి చీనీతోటలు, అదే బత్తాయి తోటలు, చూస్తూ కూర్చున్నాడు. బస్సెక్కినప్పటికన్నా ఎక్కువ అయోమయంతో రెండు గంటల తర్వాత పులివెందులలో దిగాను. అక్కణ్ణుంచి ఆ పల్లెకు ఆటో మాట్లాడితే డ్రైవరు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అన్నా, నువ్వు నడీమధ్యన కూకో. బండి ఒక పక్కకు ఒరుగుతాది." మామ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

విందు షామియానా కింద. సంగటి, పొట్టేలు కూర. పెద్దాయనే స్వయంగా వడ్డిస్తున్నాడు. మామ వేలంత సంగటి తుంచి, నమిలి నమిలి, నాలుగో ముద్దకు ఆపేశాడు. విస్తరి నిండా అట్లాగే ఉంది. పెద్దాయన గరిటె పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏంది ఓబులేసూ, మా కూడు చేదైందా? ఆ తట్టోళ్లింట్లో తినొచ్చినావా?"

పంక్తిలో నమలడం ఆగిపోయింది. మామ ముఖం పాలిపోయింది. ఇప్పుడు చెప్పకపోతే సాయంత్రానికల్లా పార్టీ మారినవాడవుతాడు. మామ లేచి చొక్కా పైకెత్తాడు. పొట్ట మీద చిన్నచిన్న గాట్లు.

పెద్దాయన గొంతు మారిపోయింది. "ఎవురు పొడిచినారు? పేరు చెప్పు." వెనక ఇద్దరు అప్పటికే విస్తళ్ల ముందు నుంచి లేచారు.

"ఎవురూ కాదప్పా. నేనే దుడ్లిచ్చి కోయించుకున్యా. లావు తగ్గనీకి."

ఎవరికీ అర్థం కాలేదు. పెద్దాయనకైతే అసలు కాలేదు. "ఇరవై ఏండ్లు నీ ఒంటిమీద గాటు పడకుండా చూసుకున్యామే. నువ్వే పోయి కోయించుకుంటివా?" అన్నాడు. అది కోపమో దుఃఖమో నేను తేల్చుకోలేకపోయాను.

అప్పుడు ఆయన తల్లి, కళ్లు సరిగా కనపడని అవ్వ, వచ్చి మామ పొట్టను చేత్తో తడిమింది. "మా ఇంట్లో కోత పడినోళ్లు మల్లా లేచి కూకోలేదు నాయనా. నా మొగుడు లేయలా, నా పెద్దకొడుకు లేయలా. బతకనీకి కోయించుకునేది ఏందో నాకు తెలీదు. నువ్వు మాత్రం బతుకు." చిన్న గిన్నెలో మజ్జిగన్నం కలిపించి తెప్పించి, పక్కనే కూర్చుని మామ తిన్నంత సేపూ కదల్లేదు. మామ కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు.

తిరుగు బస్సులో నేను మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. ఆపరేషన్ మంచిదో కాదో నాకు ఆ రోజూ తెలియలేదు, డాక్టరుకు ఫోను చేసి సరేనన్నప్పుడూ తెలియదు. అంతా తెలిశాక వెళ్దామనుకుంటే ఇప్పటికీ వెళ్లి ఉండేవాణ్ణి కాదేమో. నేను కూడా నాలుగు ముద్దల మనిషినయ్యాను. మెట్లెక్కుతున్నాను, నిద్రపోతున్నాను, పెళ్లిళ్లలో మాత్రం దిగులుపడతాను. ఈ ఆపరేషన్ చేయించుకుని మా వైపు విందులకు వచ్చేవాళ్లకు ఒక్క సలహా: విస్తరి ముందు కూర్చోకముందే ఆ ఇంట్లో పెద్దావిడ ఎవరో కనుక్కుని, సంగతి ఆమె చెవిన వేయండి. కోత పడ్డ మనుషుల కోసం ఆమె ఎంత ఏడ్చి ఉంటుందో మనకు తెలియదు. మీరు బతికొచ్చారని మీకన్నా ముందు ఆమె సంతోషిస్తుంది.