కుడిచేతి ముడి

దెయ్యాలనూ ఆత్మలనూ నేను ఏనాడూ నమ్మలేదు. లెక్క కుదరని చోట ఎవరో కూడికలో పొరపడ్డారనే అనుకునే స్వభావం నాది. తమ్ముడి విషయంలో మాత్రం ఆ పొరపాటు ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు.

తమ్ముడు రాంబాబుకు కొల్లేరులో చేపల చెరువు ఉంది. నిరుటి వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడిచేయి, మాట రెండూ పడిపోయాయి. దగ్గరి ఆసుపత్రివారు వెంటనే ఏలూరులో పక్షవాతానికి ప్రత్యేకంగా ఉన్న వార్డుకు పంపారు. అక్కడ మింగగలడో లేదో పరీక్షించాకే చెంచా నోటికి అందించారు. మంచం దిగకముందే చేతికి వ్యాయామం మొదలుపెట్టారు. చేయి తిరిగి వస్తుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు. చేయి లేకపోతే చెరువు లేదు. చెరువు తప్ప వాడికి వేరే బతుకు తెలియదు.

వాడు చేసే పనేమిటని ఫిజియోథెరపిస్టు అమ్మాయి అడిగింది. చేపల మేతకు చిల్లుల సంచుల్లో తవుడు నింపి, చెరువులో పాతిన వెదురు కర్రలకు కడతాడని చెప్పాను. మర్నాడు ఆమె తాడూ, కొత్త సంచీ తెచ్చి మంచం కడ్డీకి కట్టించసాగింది.

“చేపలు ఆకలి మీదున్నాయండీ, తొందరగా కానివ్వండి,” అనేది.

రాంబాబు ముడి వేరు. కొసను వెనక్కి మడిచి దోపుతాడు. ఒక్క లాగుకు ఊడివస్తుంది. ఆ చెరువు మీద మరెవరూ అలా కట్టరు. వార్డులో ఎడమచేత్తో సగం దాకా వచ్చి, కుడిచేయి కదలక ఆగిపోయేవాడు.

ఒక ఉదయం చెరువు చూసుకునే సుబ్బయ్య ఫోన్ చేశాడు.

“అమ్మగారూ, బాబుగారు ఎప్పుడొచ్చారండీ? ఒక్క మాటైనా చెప్పలేదు. నేనెళ్లేసరికే సంచులు కట్టేసున్నాయండీ. ముడి ఆయనదేనండీ.”

“నీకు మతి పోయిందా? వాడు నా కళ్లముందే పడుకుని ఉన్నాడు.”

ఫోటో పంపాడు. అవే ముడులు.

తమ్ముడి కుడిచేయి పట్టుకుని చూశాను. అరచేయి తడిగా ఉంది. నర్సును అడిగితే ఇంకా ఒళ్లు తుడవలేదంది. తవుడు వాసన తగిలింది. మంచం కడ్డీకున్న సంచి వాసనేమో అనుకుందామంటే, ఆ సంచిలో ఎన్నడూ తవుడు పోయలేదు.

ఆ రోజే కుడిచేయి కదిలి, ముడి పూర్తయింది.

“రోజూ చేయించాం కదండీ, రాక ఏమవుతుంది!” అని ఫిజియోథెరపిస్టు అమ్మాయి మురిసిపోయింది. ఆ మాట నేనూ నమ్ముతాను. ఆ వార్డు లేకపోతే ఆ చేయి లేదు.

కానీ రాంబాబు నా వైపు తిరిగి, జబ్బు చేశాక మొదటిసారి నోరు విప్పాడు.

“అక్కా... ఒకటి... మిగిలింది.”

బయటికి వచ్చి సుబ్బయ్యకు ఫోన్ చేశాను.

“అవునండీ, ఒక సంచి కట్టకుండా పడవలోనే ఉందండీ. మీకెవరు చెప్పారండీ?”

“మీ బాబుగారే,” అని ఫోన్ పెట్టేశాను.