ఎన్నికైనవాడి గడ్డపార

ఎండిన నేల మీద నన్ను ఇన్నాళ్లూ పోషించిన దేవునికి స్తోత్రం. మనిషి పుట్టకముందే అతన్ని ఎరిగి ఎన్నుకునే దేవుడాయన. ఆ ఎన్నికను నేను అనుమానించను. దాన్ని మోసుకొచ్చి మన నెత్తిన పెట్టే మనుషులను అనుమానిస్తాను. ఈ అనుమానం నాకు సంఘంలో కాదు, సినిమా హాల్లో మొదలైంది. విశ్వాసికి ఇది సిగ్గే, అయినా అదే నిజం.

ఎనభైల మొదట్లో ముదిగుబ్బ దగ్గరి మా పల్లెకు వరుసగా వానలు తప్పాయి. వేరుశనగ మొలకెత్తి మాడిపోయింది. బావులు ఎండి, దూరం నుంచి బిందెలతో నీళ్లు మోసుకునేవాళ్లం. ఆ వేసవిలో ఊరూరా తిరిగి బోధించే ఒక దైవజనుడు వచ్చి మూడు రోజులు సభలు పెట్టాడు. మా సంఘాల్లో కొత్త సంవత్సరం నాడు వాగ్దానపు చీటీ తీసే అలవాటుంది. పరిశుద్ధ గ్రంథపు వాక్యంలోని వాగ్దానాలు అచ్చేసిన అట్టముక్కలు పెట్టెలో ఉంటాయి, ఎవరికి ఏది వస్తే ఏడాదంతా దాన్ని పట్టుకుని ప్రార్థిస్తారు. ఆయన ఆ పెట్టెను మండువేసవిలో తెచ్చి, చివరి రోజు ముందు వరుసలో ఉన్న నన్ను తీయమన్నాడు. ఎండిన చోట ఊటలు పుట్టిస్తానన్న వాగ్దానం వచ్చింది.

వెంటనే నా తల మీద నూనె పోసి, ఈ ఊరికి నీళ్లు తెచ్చేవాడు ఇతడేనన్నాడు. ఆదివారం ఆరాధన కాగానే నేను ఎక్కడ గడ్డపార వేస్తే అక్కడ బావి తవ్వాలన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నాయన ఏడ్చాడు. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న మా మేనత్త లేచి, తన రెండు గొర్రెలను బావి కోసం అమ్ముతానంది. ఆ గొర్రెలు తప్ప ఆమెకు ఇంకే ఆధారమూ లేదు. నీళ్లెక్కడున్నాయో నాకు తెలియదు. ఆ మాట చెప్పే ధైర్యం లేక తల వంచుకున్నాను.

శనివారం నాయన నన్ను కొత్త గడ్డపార కొనుక్కురమ్మని అనంతపురం పంపాడు. అక్కడ కాలేజీలో చదివే మా మేనమామ కొడుకు నన్ను ఉదయం ఆట ఇంగ్లీషు సినిమాకు లాక్కెళ్లాడు. గేటు దగ్గరి మనిషి నేను కొన్న గడ్డపారను బయటే పెట్టించాడు. సినిమాలో ఆరిపోతున్న సూర్యుడి కింద ఏదో లోకం. ఒక ముసలాయన ఆకాశనౌక దిగి, యంత్రాలు బాగుచేసే కుర్రవాణ్ణి చూసి, పాత రాతల్లో చెప్పినవాడివి నువ్వేనన్నాడు. అంతే. ఆ రాత ఎవరిదో, అందులో ఇంకేముందో ఎవరూ అడగలేదు. వాడు ఏమీ నేర్చుకోలేదు, ఎక్కడా ఓడలేదు. లోకమంతా ఉన్నదంతా వదిలేసి వాడి వెనక నడిచింది.

వాణ్ణే ఎందుకు ఎన్నుకున్నారని బావ చెవిలో అడిగాను.

"హీరో కదప్పా. వాణ్ణి కాకుండా టీ అమ్మేటోణ్ణి ఎన్నుకుంటారా?"

"రుజువేముండాది బావా?"

"రుజువడిగితే రెండు గంటల్లో సినిమా అయిపోతాదా?"

అతను నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. తిరుగు బస్సులో గడ్డపారను కాళ్ల మధ్య పెట్టుకుని ఆలోచించాను. వాక్యంలో రాజుగా నూనె పోయించుకున్న గొర్రెల కాపరి మళ్లీ గొర్రెల దగ్గరికే పోయాడు, ఏళ్లకేళ్లు గుహల్లో దాక్కున్నాడు. ఇంకొకడు తనను పిలిచిన దేవుణ్ణే రుజువడిగి రెండుసార్లు పరీక్షించాడు, దేవుడు కోప్పడలేదు. ఇంటికి రాగానే నా వాగ్దానం ఉన్న అధ్యాయం మొత్తం చదివాను. ఊటలు పుట్టించేది తానేనని దేవుడు అంటున్నాడు. గడ్డపార పట్టే మనిషి ఊసే అందులో లేదు.

ఆదివారం ఆరాధనకు ముందే, అందరి ఎదుట దైవజనుణ్ణి, నన్నే ఎందుకని అడిగాను. "ఎన్నిక దేవునిది, ప్రశ్న సాతానుది," అన్నాడాయన. అప్పుడు, మా అత్తను కూడా ఒక చీటీ తీయనివ్వమన్నాను. ఆయన వద్దనేలోపే అత్త పెట్టెలో చెయ్యి పెట్టింది. ఆమెకు చదువు రాదు. నేనే అందరికీ వినపడేలా చదివాను. నా చీటీ నా జేబులోనే ఉంది, అయినా అక్షరం తేడా లేకుండా అదే ఊటల వాగ్దానం.

"అట్లయితే నేనూ ఎన్నికైనదాన్నేనా అయ్యా?" అంది అత్త. "ఆ గడ్డపార ఇట్లియ్యప్పా, నేనూ ఒక పోటు పొడుస్తా."

వెనక వరుసల్లో నవ్వారు. ఆయన పెట్టె మూశాడు. నేను గడ్డపారను నాయన కాళ్ల దగ్గర పెట్టాను.

"నీళ్లు యాడుండాయో నాకు తెలీదు నాయనా. అత్త గొర్రెల్ని అమ్మనియ్యొద్దు."

దైవజనుడు మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. గొర్రెలు అత్త దగ్గరే ఉండిపోయాయి. బావి మాత్రం తవ్వలేదు. నాయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నా అవిశ్వాసం వల్లే ఆ ఏడూ వాన పడలేదని సంఘంలో కొందరన్నారు. ఆ దైవజనుడు మోసగాడో, తన మాటను తానే నమ్మినవాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను లేచింది సత్యం కోసమో, తవ్వినచోట బండ తగిలితే నా పరువు పోతుందన్న భయంతోనో, అదీ తెలియదు. నా అనుమానాన్ని కూడా నేను పూర్తిగా నమ్మను.

అందుకే, ఇది చదివే మీరూ ఒక్క నిమిషం నాతో తల వంచండి. తండ్రీ, నీ స్వరం ఏదో, మా దాహం స్వరం ఏదో వేరుచేసే చెవి మాకివ్వు. తెలియనిది తెలియదని సంఘం ముందు చెప్పే నోరివ్వు. ఆమెన్ అనండి.