మోకాలి కింద

టైల్స్ మేస్త్రికి అతని బావమరిది చేసిన ద్రోహమంతా ఒక్క మాటలో ఇమిడిపోతుంది. కింద.

బావమరిది పెద్దాసుపత్రిలో పుళ్ళకు కట్లు కట్టేవాడు. మేస్త్రి మనుషుల్ని నేలను బట్టి గుర్తుపెట్టుకునే రకం. ఎవరి గురించి అడిగినా, వంటగది నేల వంకరొచ్చిన వాళ్ళేగా అనేవాడు. మోకాళ్ళ మీద పాక్కుంటూ పలకపలకనూ తట్టి, డొల్ల చప్పుడు వినపడితే ఊడబీకి మళ్ళీ వేసేవాడు. మోకాళ్ళు కాయలు కాసి నల్లబడ్డాయి. తనకు అన్నం పెట్టేవి చేతులు కావని, ఇవేనని వాటిని నిమురుకునేవాడు.

షుగరుతో అతని మడమ మీద లేచిన పుండు పిక్క దాకా పాకింది. మోకాలి పైనుంచి కాలు తీసేయకపోతే మనిషి దక్కడని డాక్టరు తేల్చేసి, ఆ మాట చెప్పడానికి బావమరిదినే పంపాడు. మేస్త్రి అప్పటికే మొండికేశాడు. మోకాలు ఉంచితే సరే, లేదంటే ఇలాగే పోతానన్నాడు. తలుపు దగ్గర బావమరిది అక్క, మేస్త్రి భార్య, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"మోకాలుంటుందా?" అన్నాడు మేస్త్రి.

"మోకాలి కిందే బావా."

మేస్త్రి తలూపి ఆపరేషను కాగితం మీద వేలిముద్ర వేశాడు.

మెలకువ రాగానే అతని చెయ్యి దుప్పట్లో మోకాలి కోసం వెతికింది. దొరకలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. బావమరిది ఆడింది అబద్ధమని తెలిసినా భార్యకు కూడా చెప్పలేదు. డాక్టరే చివర్లో మనసు మార్చుకుని పైన తీశాడనుకుని, మొండిమనిషిని ఒప్పించి ప్రాణం నిలబెట్టావని ఆవిడ తమ్ముడికి చేతులెత్తి మొక్కింది. వాడికది చెంపదెబ్బలా తగిలింది. ప్రాణం నిలబెట్టానని ఎంత సర్దిచెప్పుకున్నా, నిజం చెప్పి ఇంకోసారి బతిమాలి ఉండొచ్చు కదా అన్న ముల్లు గుచ్చుతూనే ఉండేది. తనింట్లో ఉప్పుడబ్బా ఎక్కడని తన భార్య అడిగితే కింద అనలేక వేలు చూపించేవాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అని ఆవిడ దెప్పేది.

చివరిసారి కలిసినప్పుడు మేస్త్రి సగం కట్టిన ఇంట్లో కుర్చీ వేసుకుని, కర్రతో చూపిస్తూ ఇంకొకరి చేత పలకలు వేయిస్తున్నాడు. బావమరిది పక్కనే నేల మీద చతికిలబడి, క్షమించమని అడగబోయాడు. మేస్త్రి వాడి చెయ్యి అందుకుని, మడిచి పిన్ను పెట్టిన పంట్లాం మీద, తొడ ఆగిపోయిన చోట ఆనించాడు.

"ఇంకెవరికైనా చెప్పాల్సొస్తే పైనా కిందా అనకురా. ఇలా చెయ్యి పెట్టి చూపించు. తర్వాత వాడిష్టం."