ప్రముఖ కవి మరణించలేదు

నాకు ఇరవై రెండేళ్లున్న ఆ రోజుల్లో కరీంనగర్ మొత్తం మీద తెలుగు సరిగ్గా వచ్చిన మనిషి ఒక్కతే ఉందని, ఆ ఒక్కతె నేనేనని నాకు గట్టి నమ్మకం. ఎం.ఏ. పాసై, ఊళ్లోనే ఓ చిన్న దినపత్రికలో చేరి నాలుగు నెలలు. (ఆ పత్రిక ఇప్పుడు లేదు. దానికి నేను కారణం కాదు.) ఊళ్ల నుంచి విలేకరులు ఫోన్లో చెప్పే మాటలను పత్రిక భాషలోకి మార్చడం నా పని. వాళ్లు ‘మంత్రి వచ్చిండు’ అంటే నేను ‘విచ్చేశారు’ అని రాయాలి. ‘లొల్లి అయింది’ అంటే ‘స్వల్ప ఉద్రిక్తత నెలకొంది’. ‘ఫలానాయన పోయిండు’ అంటే ‘కన్నుమూశారు’. ఇవన్నీ నాకు ఎక్కాల్లా నోటికొచ్చు. ఇంట్లో మా అవ్వ పెట్టిన షరతు ఒకటుంది: ఈ కొలువు పోతే మారుమాట లేకుండా బీఈడీలో చేరాలి. మారుమాట లేకుండా ఏదైనా చేయడం పుట్టినప్పటి నుంచీ నాకు చేతకాలేదు కాబట్టి, కొలువు నిలబెట్టుకోక తప్పదు.

డిసెంబరు చివర్లో మా పేజీ ఇన్‌చార్జి నన్ను పిలిచి, ఆ ఏటి సాహిత్యాన్నంతా ఒక్క పేజీలో సర్దమన్నాడు. ఆయన్ని మేం కత్తెర సారు అనేవాళ్లం, ఎంత రాసిస్తే అందులో సగమే మిగిల్చేవాడు గనుక. పుస్తకాలు, పురస్కారాలు, మరణాలు అని మూడు గళ్లు. పురస్కారాలతో పేచీ లేదు, పుచ్చుకున్నవాళ్లే శాలువాతో దిగిన ఫోటో పట్టుకుని ఆఫీసుకొస్తారు. పుస్తకాలవాళ్లూ అంతే. మరణాల సంగతే మనం కనుక్కోవాలి, వాళ్లు స్వయంగా వచ్చి చెప్పరు కదా. (అని అప్పుడు అనుకున్నాను.)

వచ్చిన పుస్తకాల్లో ఒకటి బెల్లంపల్లి నుంచి. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దమనిషి కవితలు. చదివి రెండుచోట్ల ముక్కు విరిచాను, ఒకచోట మాత్రం ఆగి అదే పేజీ మళ్లీ చదివాను. తీరా చూస్తే ఎప్పుడు అచ్చయిందో సంవత్సరం ఎక్కడా లేదు. తక్కినవాళ్లయితే అందాజుగా వేసేసేవారు. నేను అలా వేస్తానా? అట్ట వెనక రాసున్న పక్కింటి నంబరుకు ఫోన్ చేశాను. ఓ ముసలమ్మ ఎత్తింది.

“అవ్వా, కవి సారు ఉన్నడా? పుస్తకం ఎప్పుడచ్చయిందో అడగాలె.”

“పోయిండు బిడ్డా.”

“అయ్యో. ఎప్పుడు?”

“మొన్న బుధారం. పొద్దుగాల చాయ్ తాగిండు, అంగి తొడుక్కున్నడు, పోయిండు. ఎవ్వలకు చెప్పలే.”

“ఇంట్లో ఆమె ఎట్లున్నది?”

“ఆమె గూడ ఎంబడే పోయింది.”

నా కళ్లు చెమర్చాయి. (చొక్కా తొడుక్కుని మరీ చనిపోవడమేమిటని నాకు తట్టలేదు. కవులు కదా, అనుకున్నాను.) పుస్తకం ఏ ఏడాదిదో తేలలేదు గనుక దాన్ని పుస్తకాల గడిలో వేయలేదు. మనిషి సంగతి తేలింది గనుక ఆయన్ను మరణాల గడిలో వేశాను. ‘ప్రముఖ కవి కన్నుమూశారు, సతీమణి సైతం ఆయన వెన్నంటే తరలిపోయారు’ అని మూడు లైన్లు రాశాను. కత్తెర సారు కూడా అందులో ఒక్క అక్షరం కోయలేదు.

కొత్త సంవత్సరం మూడో రోజు పొద్దున మఫ్లర్ చుట్టుకున్న ఓ సన్నటి ముసలాయన, చంకలో మా పత్రిక మడిచి పెట్టుకుని, నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఎవరు కావాలండి?” అన్నాను.

“నేను నిరుడు సచ్చిపోయినోన్ని బిడ్డా. ఇది రాసిందెవ్వలు?”

ఇంకెవరైనా అయితే కాళ్ల మీద పడేవాళ్లు. నేను వాదనకు దిగాను. “మీ పక్కింటి అవ్వనే చెప్పింది మీరు పోయిండ్రని.”

“పోయిన. చంద్రపూర్ పోయిన, మా బిడ్డ తానకు. మా ఇంటామె గూడ వచ్చింది.”

“మరి చంద్రపూర్ అని చెప్పాలె గదా ఆమె.”

“ఏడికి పోయిండని నువ్వడిగినవా?”

పోయిండంటే ఏడికని ఎవరైనా అడుగుతారా? అందామని నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి మూసుకున్నాను. ఈలోగా సంగతి విన్న కత్తెర సారు గదిలోంచి వచ్చాడు. “రేపటి సంది నువ్వు రాకమ్మా,” అన్నాడు. నా కళ్ల ముందు బీఈడీ కాలేజీ గేటు తెరుచుకుంది.

“ఆగు సారూ,” అన్నాడు ముసలాయన. “నా పుస్తకం యాభై మందికి పంపిన. చేరిందని గూడ ఎవ్వలు చెప్పలే. గీ పిల్ల ఒక్కతే ఫోన్ చేసింది, ఎప్పుడచ్చయిందని అడుగుటానికి. గీమెను తీసేస్తే ఇగ అడిగేటోళ్లు ఎవ్వలున్నరు?”

కత్తెర సారు మఫ్లర్ వైపు, నా వైపు చూసి, సవరణ రాయమని చెప్పి లోపలికి పోయాడు.

రాయడానికి కూర్చుంటే ముసలాయన నా పక్కనే కుర్చీ లాక్కున్నాడు. “నేను సచ్చిన్నని రాసినవన్న బాధ లేదు బిడ్డా. పుస్తకం పేరు లేదనే బస్సెక్కి వచ్చిన. అది వెయ్యి. మా ఇంటామె గూడ సావలేదని రాయి, ఆమెకు జర కోపంగున్నది. ఇంకొకటి, ఆ ‘ప్రముఖ’ మాత్రం తీసెయ్యకు. సచ్చినంక వచ్చింది, బతికినంక పోవద్దు.”

మర్నాడు అచ్చయింది: ‘ప్రముఖ కవి మరణించలేదు. సతీసమేతంగా చంద్రపూర్ వెళ్లారు. వారి కవితా సంపుటి గత ఏడాదే వెలువడింది.’ కింద పుస్తకం పేరు, లావు అక్షరాల్లో.

తర్వాత నేను పత్రిక వదిలి లెక్చరర్‌నయ్యాను. (అవును, బీఈడీ కూడా చేశాను, మారుమాటలతోనే.) కానీ ఓ చిన్న మాసపత్రికకు ఏటా ఆ జాబితా మాత్రం నేనే చేస్తున్నాను. ఏటా డిసెంబర్లో బెల్లంపల్లి నుంచి ఫోన్ వచ్చేది. “బిడ్డా, ఈ ఏడు గూడ ఉన్న. రాస్కో.” ఇరవై ఏళ్లు దాటినా ఒక్క ఏడూ తప్పలేదు.

మొన్నటి డిసెంబర్లో అదే నంబరు నుంచి ఆడగొంతు. చంద్రపూర్ బిడ్డ.

“చెల్లె, బాపు పోయిండు.”

“ఏడికి?” అన్నాను.

అవతల ముక్కు చీదిన చప్పుడు, ఆ వెంటే చిన్న నవ్వు. “గట్లనే అడుగుతవని బాపు చెప్పిండు చెల్లె. అడిగినంకనే మిగతాది చెప్పుమన్నడు.”

ఇరవై రెండేళ్ల ఆ పిల్ల ఇప్పుడు నా ముందు నిలబడితే, పోయిండు అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో కూర్చోబెట్టి చెబుదును. వినేది కాదనుకోండి, ఎదురు వాదించేది. ఈసారి జాబితాలో మరణాల గడి రాస్తూ ఆయన పేరుకు ముందు ‘ప్రముఖ’ అని మళ్లీ పెట్టాను. ఎవరైనా కాదంటారేమో, తగువు పడదామని నెలరోజులు ఎదురుచూశాను. ఒక్కరూ కాదనలేదు. నాకు ఇంకా కొంచెం వెలితిగానే ఉంది.