పిన్నీసుల లంబ్రిని

మా ఆసుపత్రిలో ఎమ్మారై గదిలోకి ఎవరు వెళ్లాలన్నా ముందు నర్సు లంబ్రిని చేతుల్లోంచి బయటపడాలి. స్ట్రెచర్లు తోస్తూ తోస్తూ తల నెరిసినవాణ్ని నేను. పెద్ద డాక్టర్లు ఎదురొచ్చినా పక్కకి తప్పుకోమని అరిచి మరీ తోసుకుపోతాను. అలాంటివాణ్ని, ఆ గుమ్మం దగ్గర మాత్రం బడిపిల్లాడిలా జేబులు తిరగేసి చూపిస్తాను, బెల్టు తీసి బల్ల మీద పెడతాను. ఒకసారి బెల్టు లేక ప్యాంటు జారిపోయింది. రెండు చేతులూ స్ట్రెచరు మీద ఉన్నాయి, ఏం చెయ్యను? ఆవిడ మొహం తిప్పుకోలేదు సరికదా, "నాడా ప్యాంటు కుట్టించుకోరా తిమియో, రోజూ ఈ దర్శనం మాకెందుకు" అంది. రోగి నొప్పి మరిచిపోయి నవ్వాడు. ఆ రోజు నుంచి నాది నాడా ప్యాంటే.

ఆ గదిలో ఉన్నది మామూలు యంత్రం కాదు, గదంత అయస్కాంతం. దానికి నిద్ర లేదు, సెలవు లేదు. బొమ్మ తీస్తున్నా తియ్యకపోయినా గుంజుతూనే ఉంటుంది. ఇనుము కనబడిందంటే ఎగరేసి లాక్కుంటుంది, దారిలో మనిషి ఉన్నాడా లేడా అని చూడదు.

ఇక గ్రీసులో మా ఎపిరస్ కొండల్లో వాళ్ల సంగతి. దిష్టి తగులుతుందని పిల్లాణ్ని నీలం పూస లేకుండా గడప దాటనివ్వరు. ఆ పూసని పిన్నీసుకి ఎక్కించి, ఎవరి కంటా పడనిచోట గుచ్చుతారు. కంటపడితే పని చెయ్యదట. పెళ్లికూతురి లోపావడాకి గుచ్చుతారు, సైన్యంలోకి వెళ్లేవాడి కాలరుకి గుచ్చుతారు, మొన్న మా మేనల్లుడు కొన్న ట్రాక్టరు సీటుకి కూడా గుచ్చారు. ఆపరేషనుకి వెళ్లేవాడి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. "ఒంటి మీద ఇనుప సామాను ఏమైనా ఉందా?" అని అడిగితే లేదంటారు. అందులో అబద్ధమూ లేదు. పూస వాళ్ల లెక్కలో సామాను కాదు.

అందుకని లంబ్రిని ఆ ప్రశ్న అడగదు. "మీ ఇంట్లో పెద్దావిడ ఎవరు? ఎక్కడ గుచ్చింది?" అని అడుగుతుంది. అడుగుతూనే వేళ్లతో అంచులూ కుట్లూ తడుముతుంది. దొరికినదాన్ని పళ్లెంలో పడెయ్యదు, శుభ్రమైన గుడ్డలో చుట్టి ఇంటివాళ్ల చేతికిస్తుంది. అందుకే ఆవిడకి ఊళ్లో పిన్నీసుల లంబ్రిని అని పేరు. నోరు పెద్దది, చెయ్యి మెత్తన. ఆపరేషనయి వచ్చినవాళ్లని నా స్ట్రెచరు మీంచి దించేటప్పుడు ఆవిడ పక్కనుంటే నాకు ధైర్యం. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదనుకోండి.

ఆ సోమవారం పొద్దున ఐసీయూ నుంచి ఫోటిస్ అనే ఎనిమిదేళ్ల పిల్లాణ్ని, ఆ గది కోసమే ఉంచిన ఇనుము లేని స్ట్రెచరు మీద తీసుకొచ్చాను. అక్రోటు చెట్టు మీంచి పడ్డాడు. తలకి ఆపరేషను చేశారు, ఎడమ చేతికి పిండికట్టు వేశారు, కానీ మెలకువ రాలేదు. తల మళ్లీ తెరవాలా అక్కర్లేదా అన్నది ఈ బొమ్మ చూస్తేగాని తేలదు. గొంతులో గొట్టం, పక్కన అలాంటిదే ఊపిరి పోసే పెట్టె, దాన్ని చూసుకుంటూ మత్తు డాక్టరు ఇయోర్దానిస్, ఐసీయూ నర్సు. వెనకాల పిల్లాడి తల్లి ఏడుస్తూ వచ్చింది. ఆమె వెనక నల్లబట్టల్లో నాయనమ్మ, పేరు హైదో. ఆవిడ ఏడవలేదు, మాట్లాడలేదు.

"ఎక్కడ గుచ్చారమ్మా?" అంది లంబ్రిని తల్లితో.

"ఐసీయూలో అన్నీ తీసేశారండి. గౌను తప్ప వాడి ఒంటి మీద ఏం లేదు."

లంబ్రిని గౌను తడిమింది, దిండు తడిమింది, దుప్పటి దులిపింది, కాలివేళ్ల సందులు కూడా చూసింది. ఏమీ దొరకలేదు. నేను స్ట్రెచరు తొయ్యబోయాను. ఆవిడ దాని మీద చెయ్యి వేసి ఆపింది.

"మేము రెండుసార్లు చూశాం లంబ్రినిగారూ," అన్నాడు డాక్టరు. "వాళ్లమ్మ సంతకం కూడా పెట్టింది."

"వాళ్లమ్మని అడిగారు. నాయనమ్మని అడిగారా?"

అందరం హైదో వైపు తిరిగాం. "నా దగ్గరేముంది," అంది ఆవిడ నేల చూస్తూ.

అక్కడే దొరికిపోయింది. మా కొండల్లో పూస గుచ్చడం మరిచిపోయిన నాయనమ్మ అయితే గుండెలు బాదుకుంటుంది, నా బుద్ధి గడ్డి తిందని తనని తాను తిట్టుకుంటుంది. ఏమీ లేదని నెమ్మదిగా చెప్పిందంటే ఉందన్నమాటే. కానీ ఈ సంగతి నాకు తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది. "అక్కా, ముసలావిడ మొహం చూసి స్కాను ఆపుతావా?" అన్నాను.

"మొహం చూడ్డమేరా నా పని."

"పిల్లాడు మత్తులో ఉన్నాడు, ఎంతసేపని గుమ్మంలో ఉంచుతాం?" అన్నాడు డాక్టరు. కోపం కాదు, భయం.

"నాకూ అదే బెంగండీ. కానీ ఈ బండి ఇప్పుడు లోపలికి వెళ్లదు," అని ఆవిడ వెళ్లి బెంచీ మీద హైదో పక్కన కూచుంది. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా.

"అవ్వా, పూస ఎవరిచ్చారు నీకు?"

 "మా అమ్మ," అంది హైదో.

"తీసేస్తామని భయమా?"

"తీసేస్తారు. నా చిన్నకొడుకుది ఇట్టాగే తీసి పళ్లెంలో పారేసింది ఒకత్తి. ఆ ఆసుపత్రి మెట్ల మీంచే వాణ్ని శవపెట్టెలో దించారు. అప్పుడు అడ్డం పడలేదు నేను. ఇప్పుడు పడతాను."

కోడలు ఏడుపు ఆపి అత్తని చూసింది. ఇదంతా మూఢనమ్మకమని నేనైతే అనేసేవాణ్ని. లంబ్రిని అనలేదు.

"నీ చిన్నోడిది పళ్లెంలో వెయ్యడం తప్పే అవ్వా. ఎవరు చేసినా తప్పే," అంది. "కానీ నా మాట విను. లోపలున్న దానికి మంచీ చెడ్డా తెలీదు. ఇనుమైతే గుంజుతుంది. నువ్వు కాపలా పెట్టిందే వాడి ఒళ్లు చీల్చుకుని పోతుంది. నేను తియ్యను. నువ్వే తియ్యి. తీసి నీ గుప్పిట్లోనే పెట్టుకో, నన్ను కూడా చూడనివ్వకు."

హైదో లేచింది. స్ట్రెచరు దగ్గరకి వచ్చి, పిల్లాడి పిండికట్టు లోపలున్న దూదిలోకి మోచేతి దగ్గర రెండు వేళ్లు పోనిచ్చింది. బయటికొచ్చిన పిన్నీసు నా చూపుడు వేలంత ఉంది. దానికి నీలం పూస, పూస పక్కన వంకర తిరిగిన గుర్రపునాడా మేకు. ఐసీయూలో ఇంటివాళ్లని చూడనిచ్చే వేళ ఎవరూ గమనించకుండా దూర్చింది కాబోలు. ఐసీయూ నర్సు కట్టు రెండో చివర కూడా వేళ్లు పెట్టి చూసింది. డాక్టరు అద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంకో పదిసార్లు చూసినా నాకు దొరికేది కాదు," అన్నాడు.

అయినా ముసలావిడ దారికి అడ్డం తొలగలేదు. "లోపల వాడికి తోడెవరు?"

"నేనుంటాను అవ్వా. అది మోగినంతసేపూ వాడి పాదం పట్టుకుని కూచుంటాను."

హైదో ఆవిడని కిందినుంచి పైదాకా చూసింది. "మరి నీకెక్కడ గుచ్చారు?"

"నాకెవరూ గుచ్చరవ్వా."

"అమ్మ ఉందా?"

"ఉంది."

"ఆ బట్టలు ఉతికేదెవరు?"

లంబ్రిని నవ్వింది. "అమ్మే. ఉతికి ఇస్త్రీ కూడా చేస్తుంది."

"అయితే చూసుకో."

నేనూ నవ్వాను. ముసలావిడ ముచ్చట తీర్చడానికన్నట్టు లంబ్రిని తన గౌను అంచు తడుముకుంది, జేబులు తడుముకుంది, చెయ్యి కాలరు వెనక్కి పోనిచ్చింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. మడత తిప్పింది. చిన్న పిన్నీసు, దానికి కందిగింజంత పూస.

నా నవ్వు నోట్లోనే ఎండిపోయింది. ఆవిడ దాన్ని ఊడదీసింది. ఇంకో నాలుగడుగులు వేసి ఉంటే అది ఆవిడ మెడ మీంచి పిల్లాడి తల వైపు లేచేది. నేను మెల్లగా ఆవిడ చెవిలో, "ఎవరూ చూళ్లేదక్కా, పద," అన్నాను.

"నువ్వు చూశావు, అవ్వ చూసింది, నేను చూశాను. ఇంకా ఎంతమంది కావాలిరా?" అంది. పిన్నీసు హైదో చేతిలో పెట్టింది. "ఇది కూడా పట్టుకో అవ్వా." తర్వాత ఐసీయూ నర్సు వైపు తిరిగి చేతులు పైకెత్తింది. "చూడమ్మా నన్ను. వాణ్ని చూసినట్టే చూడు. జుట్టు కూడా విప్పు."

అందరి ముందూ తల విరబోసుకుని అలా నిలబడింది. ఆ పిల్ల తడిమి తడిమి చూసి, ఏమీ లేదని గట్టిగా చెప్పాక లోపలికి వెళ్లింది. యంత్రం దడదడలాడినంతసేపూ గాజుపలక అవతల ఆవిడ పిల్లాడి పాదం పట్టుకునే ఉంది. ఇవతల హైదో రెండు పూసలూ గుప్పిట్లో బిగించి నిలబడింది, కుర్చీ వేసినా కూచోలేదు. తల మళ్లీ తెరవక్కర్లేదని తేలింది. ఆ వారంలోనే పిల్లాడు కళ్లు తెరిచాడు.

మర్నాడు పొద్దున నర్సులూ డాక్టర్లూ కూడినచోట లంబ్రిని లేచి, "నిన్న ఆ గదిలోకి పిన్నీసు తీసుకెళ్లబోయింది నేను," అంది. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఐసీయూ నర్సు లేచి, పిండికట్టు లోపల చూడాలని తనకి తోచలేదని చెప్పింది. డాక్టరు తన తొందర గురించి చెప్పాడు. ఆ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అలాంటి మీటింగు నేను చూడలేదు. ఇకమీదట లోపలికి వెళ్లే నర్సుని కూడా ఇంకొకరు చూడాలని తీర్మానించారు. ఎమ్మారై గుమ్మం దగ్గర ఆ పని నాకు పడింది.

ఇంట్లో ఏమైందో లంబ్రినే చెప్పింది. ఆదివారం చర్చి బయట ఎవరో వాళ్లమ్మతో, మీ అమ్మాయి చేతుల మీదుగా ఎంతమంది పిల్లలు బతికి బయటపడ్డారో అన్నారట. అంత పొగిడితే దిష్టి కొట్టదూ? పొద్దున ఇస్త్రీ చేస్తూ గుచ్చిందట.

"నేను ఏం పని చేస్తానో నీకు తెలీదా అమ్మా?" అని అడిగిందట లంబ్రిని.

"తెలుసు. పొద్దస్తమానం అందరి పిల్లల్నీ నువ్వు చూస్తావు. నా పిల్లని ఎవరు చూస్తారు?" అందట ఆవిడ.

ఇది చెప్తూ మా లంబ్రిని ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తెలియక నాడా బిగించుకున్నాను. ఆ సాయంత్రం వాళ్లింటికి ఫోను చేశాను.

"అమ్మా, మీ అమ్మాయిని రోజూ పొద్దున్నే నేను చూస్తున్నానండీ," అన్నాను.

"నువ్వెవరు?"

"స్ట్రెచరు తోసే తిమియోని."



"సరిగ్గా చూడు నాయనా," అని ఫోను పెట్టేసింది.