కుళాయి కట్టేస్తే నోరీన్ ఊరుకోదు

నోరీన్ టక్‌వెల్‌కి కోపం వస్తుంది అని ఎవరైనా అంటే, వాళ్ళకి ఆవిడ సంగతి తెలియదన్నమాట. రావాలంటే ముందు ఎక్కడికైనా పోవాలి కదా! ఆవిడ కోపం ఎక్కడికీ పోదు. పొద్దున్నే ఇంట్లో టీ కెటిల్ మీద మొదలవుతుంది, ఆస్పత్రి దగ్గర అడ్డంగా పెట్టిన డాక్టరుగారి కారు మీద కాసేపు ఆగుతుంది, అక్కణ్ణించి సరాసరి కాన్పుల గదిలోకి వచ్చేస్తుంది. ఆవిడ ఆ గదిలో నర్సు. వారింబా ఊళ్ళో సగం మంది ఆవిడ తిట్లు వింటూ భూమ్మీద పడ్డవాళ్ళే.

టీగన్ రెండో కాన్పుకి నొప్పులతో వచ్చేసరికి నోరీన్ ఒక సంచిని తిడుతోంది. లోపల గోధుమలు పోసి కుట్టిన గుడ్డ సంచి అది, వేడిచేసి నడుముకి కాపడం పెట్టడానికి.

"ఇంత చిన్న పని చెబితే మాడి చస్తావా? ఏ పొలం గోధుమలే నువ్వు?" అని దాన్ని దులిపి, టీగన్ వైపు తిరిగింది. "నువ్వేంటి, ఇప్పుడా రావడం? ఎలా ఉంది?"

"పర్వాలేదండీ," అంది టీగన్, గోడ పట్టుకుని వంగిపోతూ.

అంతే, అంటుకుంది. "పర్వాలేదా! ఈ ఊరివాళ్ళకి చెయ్యి తెగి కిందపడినా పర్వాలేదు, ఇల్లు తగలబడినా పర్వాలేదు! నొప్పి అని ఒక్కళ్ళకీ నోరు పెగలదు. నాకేమన్నా దివ్యదృష్టి ఉందా?"

టీగన్ గట్టిగా ఊపిరి పీల్చుకుని తనకి కావలసింది చెప్పింది. మొదటి కాన్పు సిటీలో జరిగింది. నొప్పి తగ్గడానికి సూది ఇచ్చారు. దాని మత్తులో కొడుకు పుట్టిన మొదటి గంట ఆమెకి ఏమీ గుర్తులేదు, పైన వెలిగే ట్యూబ్‌లైటు తప్ప. వాడి మొహం అత్తగారు గ్లెనిస్ ముందు చూసింది, ఫోటోలు తీసింది, పక్కింటివాళ్ళకి పంపింది. తల్లి చివర్న చూసింది.

"ఈసారి మత్తు వద్దండీ. బిడ్డ వచ్చినప్పుడు నేను మెలకువగా ఉండాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు."

నోరీన్ మూతి బిగించింది. "మరి ఏం తెచ్చుకున్నావు?"

టీగన్ బ్యాగులోంచి, నొప్పికి వాసన చూసే లావెండర్ నూనె సీసా వేలెడంతది తీసింది.

"ఇదొక్కటేనా! ఒరేయ్ డార్సీ, ఒక్క గొర్రెని లారీ ఎక్కించాలంటే నీకు ఎంతమంది కావాలి?"

"ఇద్దరం, ఓ కుక్కా," అన్నాడు టీగన్ మొగుడు, ఎందుకడిగిందో తెలియక.

"చూశావా! గొర్రెకే ఇంత మంది కావాలి. ఇంత నొప్పికి ఓ నూనె సీసా సరిపోతుందా? వేడి, నీళ్ళు, బంతి, మొగుడు, అన్నీ కలిసి ఒక్కసారి దాని మీద పడాలి పిల్లా! ఒక్కటి లొంగదీయలేదు దాన్ని."

ఆ తరువాత గదిలో తిట్టు తినని వస్తువు లేదు. టీగన్ కూర్చున్న పెద్ద రబ్బరు బంతి సరిగ్గా ఉబ్బనందుకు తిట్లు తింది. గడియారం గట్టిగా కొట్టుకుంటున్నందుకు గోడ దిగి సొరుగులోకి పోయింది. డార్సీ పెళ్ళాం వీపు నిమురుతుంటే నోరీన్ వాడి చెయ్యి లాగేసింది.

"కుక్కని మెచ్చుకుంటున్నావట్రా? తుంటి ఎముకలు రెండూ పట్టుకుని లోపలికి నొక్కు. గాలికి తోసుకొచ్చే గేటు మూస్తున్నట్టు నొక్కు!"

డార్సీ నొక్కాడు. టీగన్‌కి ప్రాణం లేచొచ్చింది. కానీ నొప్పంతా నడుములోనే తిరుగుతోంది. నోరీన్ సూదులు పట్టుకొచ్చింది.

"మందు వద్దన్నాను కదండీ!"

"మందని ఎవరన్నారు? ఉత్త నీళ్ళు. నడుము మీద చర్మంలోకి నాలుగు పొడుస్తాను, కందిరీగ కుట్టినట్టు మండుతుంది, ఆ తరవాత నడుం నొప్పి తగ్గొచ్చు. పొడవమంటావా వద్దా?"

"పొడవండి."

"పొడిచేటప్పుడు నన్ను తిట్టు."

"ఛ, పెద్దవాళ్ళు, మిమ్మల్ని ఎలా..." అంటుండగానే సూది దిగింది. టీగన్ పెదవి కొరుక్కుందే గాని కిక్కురుమనలేదు. మంట చల్లారాక నడుం నొప్పి నిజంగానే తగ్గింది. తిట్టలేదని మాత్రం నోరీన్ గొణుగుతూనే ఉంది.

నొప్పులు దగ్గరపడ్డాయి. నోరీన్ ఆమెని బంతితో సహా వేణ్ణీళ్ళ షవర్ కింద కూర్చోబెట్టింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. వారింబాలో వాన మొహం చూసి ఎన్నాళ్ళో అయింది. టీగన్ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ షవర్‌లో ఇసుక గడియారం పెట్టుకుని, ఇసుక జారేలోపు స్నానం ముగించిన మనిషి. కాస్త నీళ్ళు పోగానే చెయ్యి దానంతట అదే కుళాయి కట్టేసింది. డార్సీ ఇంకా ఘనుడు. పారే నీళ్ళ కింద బకెట్టు పెట్టాడు.

"ఏంట్రా అది?"

"టమాటా మొక్కలకి..."

"నిన్నే పాతేస్తాను టమాటాల్లో! ఎత్తెయ్ దాన్ని! పిల్లా, నువ్వు కుళాయి మీదినుంచి చెయ్యి తియ్!"

నోరీన్ నీళ్ళు తిప్పి, తువ్వాళ్ళు తేవడానికి పక్కగదిలోకి వెళ్ళింది. వచ్చేసరికి కుళాయి మళ్ళీ కట్టేసి ఉంది. డార్సీ పట్టిన నీళ్ళ బకెట్టుతో బయటికెళ్ళిపోయాడు. వేడి లేదు, నొక్కే చేతులు లేవు. సరిగ్గా అప్పుడే అన్నిటికంటే పెద్ద నొప్పి వచ్చి టీగన్‌ని మెలిపెట్టి వదిలింది.

"నావల్ల కాదు," అంది, కళ్ళనీళ్ళు పెట్టుకుని. "నన్ను సిటీకి పంపించెయ్యండి. సూది ఇప్పించెయ్యండి. బిడ్డని ఎవరు ముందు చూస్తే ఏంటిలే."

నోరీన్ తువ్వాళ్ళు కింద పడేసింది. బూట్లతో, యూనిఫారంతో సహా షవర్ కిందికి వచ్చేసి, కుళాయి పూర్తిగా తిప్పి, దాని మీద చెయ్యి వేసి నిలబడింది.

"అడిగావు, విన్నాను. అంబులెన్సుకి కబురు చెయ్యమని ఇప్పుడే కేకేస్తాను. అది వచ్చేదాకా అన్నీ కలిపి చేద్దాం. వచ్చాక కూడా ఇదే మాట అంటే నేనే ఎక్కిస్తాను. సరేనా?"

టీగన్ తలూపింది.

"డార్సీ! అంబులెన్సు రమ్మని చెప్పి, వచ్చి నొక్కు! అమ్మాయ్, నీళ్ళూ దాచుకున్నావు, అరుపులూ దాచుకున్నావు. ఎవరికోసం? నీ నోటికి కూడా కరువొచ్చిందా? నీళ్ళు పోనీ! కేకెయ్!"

నీళ్ళు పడుతున్నాయి, డార్సీ నొక్కుతున్నాడు, బంతి ఊగుతోంది. నొప్పి లేచింది. టీగన్ నోరు తెరిచింది.

"నోర్ముయ్యవే ముసలి రాక్షసీ!"

ఆస్పత్రంతా వినబడింది. అంతదాకా గారూ అండీ అన్న మనిషి, అక్కణ్ణించి నోరీన్ మొహాన్నీ, నోరీన్ బూట్లనీ, నోరీన్ వంశాన్నీ ఏకిపారేసింది. నోరీన్ తడిసి ముద్దవుతూ, "అంతేనా? వీణ్ణి కనేటప్పుడు మీ అత్త ఇంతకంటే బాగా తిట్టింది!" అని ఎగదోస్తూనే ఉంది. అంబులెన్సు వచ్చింది. "పొమ్మనవే దాన్ని!" అని అరిచింది టీగన్. అది ఖాళీగా వెళ్ళిపోయింది. కాసేపటికి బిడ్డ వచ్చింది. ఆడపిల్ల.

నోరీన్ బిడ్డని తుడిచి టీగన్ గుండెల మీద పెట్టి, దుప్పటి కప్పి, ఇద్దరూ బాగున్నారో లేదో చూసుకుని, కిమ్మనకుండా బయటికెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. టీగన్‌కి భయమేసింది. అన్ని మాటలన్నాక ఆవిడ మనసు విరిగిందేమో! "వెళ్ళి క్షమించమని చెప్పవా," అంది డార్సీతో.

డార్సీ తలుపు సందులోంచి చూసి వెనక్కొచ్చాడు. "బట్టలు కూడా మార్చుకోలేదు. నీళ్ళు కారుతూ కుర్చీ వేసుకుని తలుపుకి అడ్డంగా కూర్చుంది. మా అమ్మతో పోట్లాడుతోంది."

టీగన్ చెవి ఒగ్గింది. నిజమే, పోట్లాటే. కాని గొంతు లేవడం లేదు. నోరీన్ గుసగుసగా తిట్టడం ఆ ఊళ్ళో అప్పటిదాకా ఎవరూ ఎరగరు.

"ఒక్కసారి మొహం చూసి వస్తాను నోరీన్. నా మనవరాలు!"

"నీ మనవరాలు ఎక్కడికీ పోదు గ్లెనిస్. ఈ గంట పోతే మళ్ళీ రాదు. నోరు మూసుకుని కూర్చో." ఆ వెంటనే ఇంకెవరి మీదికో, "డాక్టరుగారూ, ఇద్దరూ బాగున్నారు. బరువు తరవాత చూడొచ్చు. మీరెళ్ళి ముందు ఆ కారు తియ్యండి!"

టీగన్ బిడ్డ వైపు చూసింది. బిడ్డ ముడుచుకున్న కళ్ళు తెరిచి, కాసేపు తిరిగి చూసింది. గదిలో మత్తు లేదు, తొందర లేదు. చెవి మీద ఉన్న నూగు కూడా కనిపిస్తోంది. ఆ మొహాన్ని టీగన్ తనివితీరా చూసుకుంది.

బయట ఒక పెద్ద తుమ్ము వినబడింది.

"ఛీ, దరిద్రపు తుమ్మా, ఇప్పుడే రావాలా? పడుకుందేమో పసిది!" అని నోరీన్ తన ముక్కుని తనే తిట్టుకుంది.