రసూల్ బీ చేతుల తెలివి

నిజాం జమానాలో ఇబ్రహీంపట్నం గాజులామె రసూల్ బీ తలుచుకుంటే ఏనుగు కాలికైనా చంటిపిల్ల గాజు ఎక్కేదట. నిజమో కాదో ఆ ఏనుగే చెప్పాలి.

ఆ పేరు రాకముందు మాత్రం ఇంట్లో అందరూ ఆమెను మొద్దు అనేవారు. తుర్కయాంజాల్ పొమ్మంటే మబ్బులు చూసుకుంటూ కోహెడలో తేలేది. తోడికోడలు మున్నీ బీ అలా కాదు. ఉర్దూ చదివేది, మాటలతో ఎండుకట్టెకైనా గాజులు అంటగట్టేది.

అత్త కరీమున్నీసాకు చూపు మందగించింది. తాళ్లకు గుచ్చి భుజాన మోసే గాజుల మలారాన్ని ఇద్దరిలో ఒకరికి అప్పగించాలి. "తెలివున్నదానికే ఇస్త" అంది. అది దక్కకపోతే రసూల్ బీకి మిగిలేది పొయ్యి పొగే. పొగలో మబ్బులుండవు.

ఓ పొద్దున పెళ్లికూతురు సుసన్న వచ్చింది. పట్నం కాన్వెంటులో చదివిన పిల్ల. ఆకుపచ్చ గాజులు మణికట్టుకు అంటుకున్నట్టుండాలంది. మున్నీ బీ కబుర్లాడుతూ తోసింది. టక్. ఇంకొకటి. టక్.

"రెండు పెరిగినయి, అత్తమ్మా." పెళ్లిగాజు పగిలిందనకూడదు కదా.

"గిట్ల పెరిగితే మలారమంత పెరుగుతది! రసూల్, జర నువ్వు చూడు."

"గా మొద్దుదానికా? ఇగ పిల్లను దవాఖానకు తోల్కపోవాలె!" నవ్వింది మున్నీ బీ.

రసూల్ బీ సుసన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలి మొదలు మెల్లగా నొక్కింది. మాగిన సీతాఫలంలా చెయ్యి మెత్తబడింది. ఏ ఎముక ఎటు దారిస్తుందో ఆమె వేళ్లకు కలలోలా తెలిసిపోయింది. గాజు వెనక గాజు నీళ్లలో చేపలా జారింది. రెండు చేతులకూ డజను చొప్పున ఎక్కేసరికి సుసన్న కునుకు తీస్తోంది.

"అయిపాయె. లే బిడ్డా."

సుసన్న ఉలిక్కిపడి చేతులు చూసుకుంది. "క్లెవర్!"

"గదేం మాట?" అంది కరీమున్నీసా.

"తెలివైనదని, అవ్వా. ఇప్పుడు తలకాయ తెలివికి అంటున్నరు గని, పూర్వం ఇంగ్లీషోళ్ల పల్లెల్ల పట్టు తెలిసిన చేతులకు అనేటోళ్లట. మా కాన్వెంటు సిస్టరు చెప్పింది. అసలు యాడ పుట్టిందో మాత్రం ఖాయంగ తెల్వదన్నది."

"అంటే తెలివి ముందుగాల చేతుల్ల ఉండెనా! మరి నోట్లెకు ఎప్పుడొచ్చిందో" అని కరీమున్నీసా మున్నీ బీ వైపు తిరిగింది. తర్వాత మలారం ఎత్తి రసూల్ బీ భుజాన పెట్టింది.

"తుర్కయాంజాల్ పోయిరా. మళ్ల కోహెడల తేలితే?"

"ఆడ గూడ చేతులుంటయి గద, అత్తమ్మా."

గాజులు గలగలమంటుంటే రసూల్ బీ మబ్బుల వెంట నడిచింది.